ఉద్యోగం, ఇల్లు, పిలుపు

మా కోనసీమ వైపు కొన్ని క్రైస్తవ సంఘాల్లో ఆదివారం కూడికకు కొత్త మనిషి వస్తే, ఊరూ పేరూ కనుక్కున్నాక పెద్దలు అడిగే ప్రశ్న ఒకటుంది. "ఎప్పుడు రక్షింపబడ్డారు, బ్రదర్?" అని. చాలామంది నెలా సంవత్సరమూ చెబుతారు. కొందరు తేదీ, వేళ, ఆనాడు ఎవరు ప్రసంగించారో కూడా చెబుతారు. క్రైస్తవుల ఇంట్లో పుట్టి, అమ్మ ఒళ్ళో కూర్చుని పాటలు నేర్చుకున్నవాళ్ళకు సైతం ఈ ప్రశ్న తప్పదు. ఆ సంఘాల లెక్కలో అమ్మానాన్నల విశ్వాసం బిడ్డలకు ఆస్తిలా సంక్రమించదు. పెద్దయ్యాక ఎవరికి వారు తెలిసి నమ్మాలి, తెలిసి నీళ్ళలో దిగాలి. పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. జీతం పుచ్చుకునే పాస్టరు ఉండాలన్న నియమమూ లేదు. ప్రతి ఆదివారం రొట్టె విరుస్తారు, ముసుగులు వేసుకున్న ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు చాపల మీద కూర్చుంటారు. సహోదరుల్లో ఎవరో ఒకరు లేచి ప్రార్థన ఎత్తుకుంటారు.

ఈ వేళ మాట్లాడబోయేది అలా పెద్దయ్యాక విశ్వాసం దొరికినవాళ్ళ గురించి. అందులోనూ, నమ్మి ఊరుకోకుండా "దేవుడు నన్ను సేవకు పిలిచాడు" అని ఉన్నపళంగా బయల్దేరినవాళ్ళ గురించి. పదహారేళ్ళ కుర్రాడికి పిలుపు వస్తే బడి మారితే సరిపోతుంది. నలభై ఏళ్ళ మనిషికి వస్తే ఇల్లంతా కదలాలి. పక్కన భార్యో భర్తో ఉంటారు, నెత్తిన అప్పు ఉంటుంది, చేతిలో అన్నం పెట్టే పని ఒకటి ఉంటుంది. సాక్ష్యాలు చెప్పేటప్పుడు తమకు కనబడిన వెలుగు గురించి చెప్పినంత వివరంగా ఈ మూడింటి గురించి ఎవరూ చెప్పరు. నాకు మాత్రం అసలు కథ అక్కడే ఉందనిపిస్తుంది.

ఆ కథను మా ఏటి ఒడ్డునుంచే మొదలుపెడతాను. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే అవతలి ఒడ్డు మాధవాయిపాలెం, ఆ వెనకే నరసాపురం. మోటారు సైకిళ్ళు, కొబ్బరికాయల బస్తాలు, డాక్టరు దగ్గరికి పోయే ముసలమ్మలు, అంతర్వేది స్వామిని చూసుకుని తిరిగిపోయే యాత్రికులు, బైబిలు సంచీ చంకన పెట్టుకుని పక్క ఊరి కూడికకు వెళ్ళే దంపతులు, అందరూ ఆ చెక్కల మీదే నిలబడి వశిష్ఠ గోదావరి దాటుతారు. ఆ మాధవాయిపాలెంలో పదిహేడో శతాబ్దంలోనే ఇంగ్లీషు కంపెనీవాళ్ళు బట్టల వర్తకం పెట్టారు. పాలకొల్లులో డచ్చివాళ్ళు పాగా వేశారు. తెల్లవాళ్ళు రావడం ఈ ఏటికి కొత్త కాదు. అయితే 1830లలో వచ్చిన ఇద్దరు కొనడానికీ రాలేదు, అమ్మడానికీ రాలేదు.

ఒకరు విలియం బౌడెన్, మరొకరు జార్జి బీర్. ఇంగ్లండులో డెవన్ ప్రాంతపు బార్న్‌స్టేపుల్ అనే చిన్న పట్నం వాళ్ళది. బౌడెన్‌గారిది రాతిపని, బీర్‌గారిది చెప్పులు కుట్టే పని. చెప్పులు కుట్టడమంటే మన ఊళ్ళలో ఆనాడు ఏ పేటలో చేసే పనో నేను చెప్పక్కర్లేదు. దొర అంటే కలెక్టరు, లేదా పటాలంలో కెప్టెను అనుకునే రోజుల్లో, భార్యలను వెంటబెట్టుకుని, వెనక కంపెనీ గానీ జీతం గానీ లేకుండా వీళ్ళు దిగారు. 1836 జూలైలో మద్రాసు, ఆగస్టులో బందరు, ఆ తర్వాత నరసాపురం, పాలకొల్లు. నందన కరువు వెళ్ళి నాలుగేళ్ళు కూడా కాలేదు. వాళ్ళు వచ్చిన మూడేళ్ళకే, 1839లో, కోరంగిని ఉప్పెన ముంచింది. అలాంటి కాలంలో, తెలుగు ఒక్క ముక్క రాని ఇద్దరు పనివాళ్ళు ఇక్కడ కాపురం పెట్టారు. బ్రిస్టల్‌లో అనాథలను పోషించిన జార్జి ముల్లర్‌గారి నిధి నుంచి అప్పుడప్పుడూ కొంత సొమ్ము అందేది. అది ఎప్పుడొస్తుందో, ఎంతొస్తుందో మాట ఇచ్చినవాళ్ళు లేరు. మా వైపు ఇప్పటికీ "విశ్వాసం మీద బతకడం" అంటారే, ఆ బతుకు ఇదే.

వీళ్ళను తీసుకొచ్చినాయన కథ ఇంకా చిత్రమైనది. ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ ఎక్సెటర్‌లో పళ్ళ డాక్టరు. ఏడాదికి పదిహేను వందల పౌన్ల రాబడి ఉండేదని ఆయన జీవిత చరిత్రలు చెబుతాయి. ఆ రోజులకు అది జమీందారీ కిందే లెక్క. పిలుపు తనకు యువకుడిగా ఉన్నప్పుడే వచ్చిందనుకున్నారు. భార్య మేరీగారు ఒప్పుకోలేదు. ఏళ్ళ తరబడి ఒప్పుకోలేదు. గ్రోవ్స్‌గారు ఆగారు. సంపాదనలో కొంత తీసి పేదలకు పంచే పని ఆవిడకే అప్పజెప్పారు. రోగులు, ముసలివాళ్ళు, అప్పులవాళ్ళు ఉన్న ఇళ్ళకు తిరగగా తిరగగా మేరీగారి మనసే మారింది. ఆవిడ సరే అన్న తర్వాతే ఇల్లూ వృత్తీ వదిలి 1829లో బాగ్దాదుకు బయల్దేరారు.

ఈ ఆగడం దగ్గర నేనూ ఒక నిమిషం ఆగుతాను. మిషనరీల చరిత్రల్లో ఈ ఘట్టాన్ని ఒక పేరాలో తేల్చేసి బాగ్దాదు ప్రయాణంలోకి దూకుతారు. కానీ దేవుడే పిలిచాడని గట్టిగా నమ్మిన మనిషి, భార్య వద్దందని అన్నేళ్ళు తన కుర్చీలో కూర్చుని పళ్ళు పీకుతూ గడిపాడంటే, ఆ నమ్మకం సంగతేమిటి? తక్కువదా? నాకైతే బాగ్దాదు వెళ్ళడం కన్నా అదే కష్టంగా కనబడుతుంది. పైగా వెళ్ళాక జరిగినదాన్ని తలుచుకుంటే, మేరీగారి భయం ఊరికే పుట్టింది కాదని తెలుస్తుంది. 1831లో బాగ్దాదులో ప్లేగు పడింది, ఆపైన వరద ముంచింది. ఆవిడ అక్కడే కన్నుమూశారు. చంటిబిడ్డా బతకలేదు. ఇష్టపడి వెళ్ళింది కాబట్టి బాధ లేదనగలమా?

రెండేళ్ళకు గ్రోవ్స్‌గారు ఇండియా వచ్చి ఊళ్ళు తిరిగి చూశారు. తిరిగి ఇంగ్లండు వెళ్ళి, 1836లో బౌడెన్‌నూ బీర్‌నూ వెంటబెట్టుకొచ్చారు. అదే ప్రయాణంలో ఆయన కొడుకులకు చదువు చెప్పే పంతులుగా ఒక జర్మనీ యువకుడూ వచ్చాడు. పేరు హెర్మన్ గుండర్ట్. తర్వాత మలబారు చేరి మలయాళ నిఘంటువు రాసినాయన, నవలా రచయిత హెర్మన్ హెస్సెకు తాతగారు ఈయనే. ఒక్క ఓడలో ఎన్ని కథలు ఎక్కాయో చూడండి.

మద్రాసు వచ్చాక గ్రోవ్స్‌గారు మళ్ళీ పళ్ళ వైద్యమే మొదలుపెట్టారు, ఇల్లు గడవాలిగా! తర్వాత మన చిత్తూరులో భూమి తీసుకుని మల్బరీ మొక్కలు, పట్టుపురుగుల పెంపకం వేశారు. సేవకులు ఎవరి మీదా ఆధారపడకుండా చేతిపనితో బతకాలని ఆయన పట్టుదల. పట్టు కలిసిరాలేదు, అప్పులయ్యాయి. ఈ భాగాన్ని ఆయన అభిమానులు కొంచెం గొంతు తగ్గించి చెబుతారు. నాకు తగ్గించవలసిన అవసరం కనబడదు. రైతు కుటుంబాల్లో పుట్టినవాళ్ళం, పంట పోతే మనిషి చెడ్డవాడని అంటామా?

ఇక డెల్టాకొస్తే, ఆర్థర్ కాటన్ దొర 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టారు. 1852 దాకా వేలాది కూలీలు అక్కడ గుడిసెలు వేసుకుని రాళ్ళు మోశారు. డెల్టా నలుమూలల నుంచీ వచ్చిన మాలలు, మాదిగలు, ఇంకా ఎన్నో కులాలవాళ్ళు. బౌడెన్‌గారు ఆ కూలీల మధ్యకు వెళ్ళి బోధించేవారు. కాటన్ దొర స్వయంగా భక్తిపరుడు కాబట్టి అడ్డు చెప్పలేదు సరికదా, సాయం చేశారు. రాతిపని చేసి పెరిగిన మనిషి రాళ్ళు కొట్టేవాళ్ళ దగ్గర కూర్చున్నాడు. ఆనకట్ట పని అయ్యాక కూలీలు ఎవరి ఊళ్ళకు వాళ్ళు పోయారు. విన్న మాట కూడా వాళ్ళ వెంటే ఊళ్ళకు చేరింది. కాలవలు తవ్వుకుంటూ పోయిన దారినే సంఘాలూ పుట్టాయని నేననుకుంటాను. దానికి పటం గీసినవాళ్ళు లేరు గానీ, కాలవగట్ల వెంబడి ఉన్న పేటల్లో ప్రార్థన మందిరాలు ఎన్ని ఉన్నాయో చూసినవాళ్ళకు ఆ అనుమానం రాక మానదు.

నరసాపురం లేసు సంగతీ ఇక్కడే చెప్పాలి. మిషనరీల ఇళ్ళలోని ఆడవాళ్ళు పేద క్రైస్తవ స్త్రీలకు క్రోషా సూదితో అల్లిక నేర్పారు. వాడల్లో మొదలైన ఆ పని తర్వాత కాపు ఇళ్ళలోకి వెళ్ళింది, వర్తకుల చేతికీ వెళ్ళింది. ఇప్పటికీ ఏటికి రెండు ఒడ్డులా మధ్యాహ్నం పూట అరుగుల మీద చూడవచ్చు: ఎడమచేతి చూపుడువేలికి దారం చుట్టుకుని, కళ్ళు వీధి వైపే ఉంచి, సూది మటుకు తన దారిన తాను కదిలిస్తూ, ఒకరు పువ్వులు అల్లుతారు. వాటిని కలిపి దుప్పటి చేసే అతుకుపని మరొకరిది. మారియా మీస్ అనే జర్మను పరిశోధకురాలు ఈ ఆడవాళ్ళ కూలి ఎంత అన్యాయంగా ఉందో లెక్కలతో 1982లో పుస్తకమే వేశారు. 2024లో లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. కూలి ఆ వేగంతో పెరగలేదని అల్లేవాళ్ళను అడిగితే చెబుతారు.

ఇంతవరకూ బయటినుంచి వచ్చినవాళ్ళు. మరి ఇక్కడివాళ్ళకు వచ్చిన పిలుపు?

గోదావరి పైభాగంలో పడవలు నడిచేలా చేయాలని కంపెనీ పోయి దొరతనం వచ్చిన తొలిరోజుల్లో దుమ్ముగూడెం దగ్గర పెద్ద పనులు సాగాయి. ఆ పనులు చూసే ఇంజనీరు కెప్టెన్ హేగ్. ఆయన కింద సరుకు సరంజామా విభాగానికి పెద్దగా ఉన్న ఉద్యోగి వెంకట రామరాజుగారు, రాజుల కుటుంబం. ఆ కుటుంబాలంటే కోనసీమలో ఎంత పరువో, ఎంత పట్టింపో మీకు తెలియంది కాదు. పెద్ద వయసులో, ఉద్యోగంలో ఉండగానే, ఆయన క్రీస్తును నమ్మి బాప్తిస్మం పుచ్చుకున్నారు. అంతటితో ఆగలేదు. ఉద్యోగం మానేసి, చుట్టుపక్కల అడవుల్లో ఉన్న కోయవాళ్ళ మధ్య సేవకు దిగారు. 1861లో మొదలైన చర్చి మిషనరీ సొసైటీవారి కోయ మిషన్‌కు ఆరంభం ఆయనే. తర్వాత 1872లో గురువుగా అభిషేకం పొందారు. రాజుల ఇంటి మనిషి కోయగూడెంలో కూర్చుని అక్షరాలు దిద్దించాడంటే, మతం మారడం కన్నా ఆ కూర్చోవడమే ఆనాటి బంధువులకు మింగుడు పడి ఉండదు.

ఒక సంగతి ఇక్కడ గుర్తు చేసుకోవాలి. 1850కి ముందు మతం మారిన మనిషికి పిత్రార్జితంలో వాటా పోయేది. ఆ ఏడు ఇరవై ఒకటో చట్టం వచ్చి, కులంనుంచి వెలివేసినా మతం మారినా వారసత్వ హక్కు పోదని చెప్పింది. చట్టం భూమిని కాపాడింది. పెళ్ళి పిలుపునూ చావు కబురునూ అదేం కాపాడగలదు?

ఇంకొకాయన థామస్ గాబ్రియేల్. తెలుగువారే, తంతి శాఖలో ప్రభుత్వోద్యోగి. ఆ రోజుల్లో తంతి ఉద్యోగమంటే ఈ రోజుల సాఫ్ట్‌వేరు ఉద్యోగం లాంటిది. దాన్ని వదిలేసి కాకినాడలో బాప్తిస్టు సంఘం పని ఎత్తుకున్నారు. వెనక ఏ దేశపు మిషనూ లేదు. తిండికీ, తనతో పనిచేసే బోధకుల ఖర్చులకూ తోళ్ళ వ్యాపారం పెట్టారు. కొన్నాళ్ళు నడిచింది, తర్వాత తలకెత్తుకున్న బరువు మోయలేక కెనడా బాప్తిస్టులకు కబురు పెట్టుకున్నారు. 1874 మార్చిలో జాన్ మెక్లారిన్‌గారు కాకినాడలో దిగారు. కెనడా బాప్తిస్టు మిషన్ చరిత్రలకు తొలి పేజీ ఆ తేదీయే. అంతకుముందు ఏళ్ళ తరబడి తోళ్ళు అమ్మి సంఘాన్ని నిలిపినాయన మాత్రం చాలా పుస్తకాల్లో రెండు వాక్యాలతో సరి. గోదావరి జిల్లాలో మిషనరీ అనగానే తెల్ల ముఖమే మనకు తోస్తుందంటే, దానికి కారణం ఇలా రాసినవాళ్ళే.

మరో పద్ధతి భక్త్ సింగ్‌గారిది. పంజాబు సిక్కు కుటుంబం. కుర్రతనంలో మిషన్ బడిలో ఇచ్చిన బైబిలును చింపేసి, బాగుందని తోలు అట్ట మాత్రం దాచుకున్నానని ఆయనే చెప్పుకునేవారు. ఇంజనీరింగు చదవడానికి విదేశాలకు వెళ్ళి, కెనడాలోని విన్నిపెగ్‌లో 1929లో బైబిలే చదివి నమ్మారు. 1933లో బొంబాయిలో ఓడ దిగితే, విశ్వాసాన్ని బయటపెట్టకుండా ఉంటే ఇంటికి రమ్మన్నారు తల్లిదండ్రులు. ఉండలేనన్నారు. వాళ్ళు వెళ్ళిపోయారు. ఆయన 1950లో హైదరాబాదులో హెబ్రోను అనే సంఘ కేంద్రాన్ని స్థాపించారు. గోదావరి జిల్లాల్లో ఆయన మాట విని ఉద్యోగాలు వదిలి సేవకు వెళ్ళినవాళ్ళు ఎందరో.

భక్త్ సింగ్‌గారి తర్వాత పరాయి దేశంలో విశ్వాసం దొరకడం అనే మాటకు మా మండలంలో మరో అర్థం వచ్చింది. సఖినేటిపల్లి, మలికిపురం, రాజోలు వైపు కువైట్‌కో, మస్కట్‌కో, దుబాయ్‌కో మనిషిని పంపని వీధి ఉండదు. ఎక్కువగా ఆడవాళ్ళు, ఇంటిపనికి వెళతారు. కువైట్‌లో సెలవు దొరికినవాళ్ళకు శుక్రవారం దొరుకుతుంది. కువైట్ నగరంలో ఇవాంజెలికల్ చర్చి ఆవరణ ఒకటుంది. ఒకే గోడల మధ్య ఎన్నో భాషల సంఘాలు గంటలు పంచుకుని కూడుకుంటాయి. ఒక గదిలో అరబ్బీ, పక్క గదిలో మలయాళం, ఇంకో గదిలో తెలుగు. ఆ తెలుగు గదిలోకి అడుగుపెట్టిన మా ఊరి మనిషికి మొదట దొరికేది దేవుడో కాదో నేను చెప్పలేను. తన యాస దొరుకుతుంది. "ఏ ఊరమ్మా మీది?" అనే పలకరింపు దొరుకుతుంది. ఇంటి యజమాని జీతం ఆపితే ఎవరితో చెప్పుకోవాలో చెప్పే మనిషి దొరుకుతుంది. అక్కడినుంచి పాట, పాటనుంచి వాక్యం, వాక్యంనుంచి బాప్తిస్మం. దీన్ని వెటకారంగా అనడం లేదు. ధవళేశ్వరం గుడిసెల్లోనూ ఇలాగే జరిగి ఉంటుంది. ఊరు వదిలి వలస కూలికి వెళ్ళిన మనిషి చెవికి, ఊళ్ళో ఉన్నప్పుడు ఎక్కని మాట ఎక్కుతుంది.

పదేళ్ళ తర్వాత ఆ మనిషి తిరిగొస్తుంది. "నేను సేవకు సమర్పించుకున్నాను" అంటుంది. ఇంట్లో ఏమవుతుందో ఊహించండి. భర్త ఇంకో రెండేళ్ళు పంపితే శ్లాబు పడుతుందనుకుంటూ ఉంటాడు. కూతురి పెళ్ళి ఉంటుంది. ఎస్సీ ధ్రువపత్రం ఉన్న ఇల్లైతే ఇంకో చిక్కు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు, తర్వాతి సవరణల ప్రకారం సిక్కు లేదా బౌద్ధుడు కానివారు షెడ్యూల్డు కులం కిందికి రారు. క్రైస్తవుడినని కాగితం మీద రాయించుకుంటే మన రాష్ట్రంలో బీసీ-సీ. పిల్లవాడి ఇంజనీరింగు సీటు ఆ ఒక్క గడితో ముడిపడి ఉంటుంది. అందుకే గుండెలో ఒకటి, కాగితంలో ఒకటిగా బతికే ఇళ్ళు మా వైపు ఉన్నాయి. ఇది మోసమని బల్ల గుద్ది చెప్పేవాళ్ళున్నారు. వాడ మారకుండా, బావి దగ్గర చూపు మారకుండా, కాగితం మటుకు మారమనడం ఏం న్యాయమో వాళ్ళే చెప్పాలి.

ఇంకో చిక్కు పిలుపు వచ్చినవాళ్ళ వైపునుంచే వస్తుంది. కొత్తగా నమ్మినవాళ్ళలో కొందరికి నోటి దురుసు ఎక్కువ. అంతర్వేది తీర్థం రోజుల్లో రోడ్డు పక్క మైకు పెట్టి ఎదుటివాళ్ళ దేవుణ్ణి దూషించడాన్ని ధైర్యమనుకుంటారు. రాజ్యాంగం ఇరవై ఐదో అధికరణం తన మతాన్ని ప్రచారం చేసుకునే హక్కు ఇచ్చింది, శాంతిభద్రతలకు లోబడి. అందులో పక్కింటివాళ్ళ మనసు కోసే హక్కు ఉన్నట్టు నేనెక్కడా చదవలేదు.

ఈ మధ్య ఇలా తిరిగొచ్చి సేవ చేస్తామనేవాళ్ళను మా వైపు సంఘ పెద్దలు ఏమంటారో కనుక్కున్నాను. పాత పద్ధతి సంఘాల్లో ముందు ఇంట్లోవాళ్ళను పిలిచి విడిగా మాట్లాడతారు. అప్పులెంతున్నాయని అడుగుతారు. తీర్చేదాకా పనిలో ఉండమంటారు. మగవాళ్ళైతే కూడికలో వాక్యం చెప్పే వంతు ఇచ్చి చూస్తారు, ఆడవాళ్ళకు ఆదివారం పిల్లల క్లాసు అప్పజెబుతారు, జబ్బుపడ్డవాళ్ళ ఇళ్ళకు పంపుతారు. ఆడవాళ్ళను వేదిక ఎక్కనివ్వని ఈ కట్టుబాటు నాకు నచ్చదు. బాప్తిస్మం ఇచ్చేటప్పుడు అడగని తేడా సేవ దగ్గర ఎందుకని వాళ్ళతోనే అన్నాను. "రాతలో అలా ఉంది మాస్టారూ" అన్నారు, అక్కడితో ఆ మాట ఆగిపోయింది. ఏడాదో రెండేళ్ళో అలా చూశాక చేతులుంచి ప్రార్థించి పంపుతారు. అంతకాలం ఆగలేనివాళ్ళు వేరే సంఘం చూసుకుంటారు. ఇంకొందరు ఇంటి ముందు రేకుల షెడ్డు వేసి, తామే బోర్డు కట్టుకుంటారు. ఆగినవాళ్ళలో సగంమంది, అప్పు తీరేసరికి మళ్ళీ వీసా కోసం కాగితాలు పెట్టుకుంటారట. ఒక పెద్దాయన ఆ మాట చెప్పి, "వాళ్ళనీ ప్రార్థన చేసే పంపుతాం. కువైట్‌లో చిన్నపిల్లల క్లాసు చెప్పేవాళ్ళు తక్కువగా ఉన్నారు" అన్నారు.